నవమినాటి బొట్టు

వర్షర్తువు తన జలభారమునంతయు దింపుకొని వెడలిపోయియు పూర్తిగా పోలేక తూర్పుదిక్కున నీలమేఘరూపమున నిలిచి వెనుదిరిగి చూచుచున్న ఆశ్వయుజ శుద్ధ నవమి ప్రాతఃకాలమున సువర్ణముఖీ నదీ దక్షిణతీరమందలి సాలెపాలెమను గ్రామమునందు ఒక వింత నిశ్శబ్దము నెలకొని యుండెను. సంవత్సరము పొడవున ఏ యింటి ముందు నిలిచినను మగ్గపు పలకల చప్పుడు వినవచ్చు వీధి అది. పసిబిడ్డలు ఆ చప్పుడునకే నిద్రించి ఆ చప్పుడు ఆగినచో మేల్కొనెడి వీధి అది. ఆయుధపూజ గావున ఆ దినమున మాత్రము మగ్గములన్నియు కడుగబడి పసుపునీట తడిసి మౌనవ్రతము పూనిన ముత్తైదువలవలె చీకటి గదులలో నిలిచి యుండెను. పేకపోగును దాటించు నాడెలును నూలు చుట్టిన కండెలును కత్తెరలును చౌడేశ్వరీదేవి పటము ముందు అరటియాకులపై వరుసగా పరుండి తమకు లభించిన ఒక్కదినపు విశ్రాంతిని అనుభవించుచుండెను.

ఆ వీధి తుదనున్న చేనేత సహకార సంఘ భవనమునందు కిటికీ చెంతనున్న బల్లయొద్ద అందె చౌడయ్య ఒంటరిగా కూర్చుండి తన పనిముట్లను తడిగుడ్డతో తుడుచుచుండెను. అతనికి ఏబదియెనిమిదేండ్లు. గ్రామ పాఠశాలయందు ఐదవ తరగతివరకే చదివినవాడు. చీర అంచునందు విరియవలసిన పువ్వును నిలువవలసిన హంసను ముందుగా గడుల కాగితముపై పోగునకొక గడి చొప్పున దిద్దిపెట్టుట అతని వృత్తి. ఆ గడులను బట్టి అట్టలకు రంధ్రములు పొడిచి ఆ అట్టలను మగ్గము మీది జకార్డు పెట్టెకు కట్టినచో ఏ పోగు లేవవలెనో ఏ పోగు అణగవలెనో ఆ రంధ్రములే శాసించును. ఒక్క గడి తప్పినచో పండ్రెండు మగ్గములపై పండ్రెండు పువ్వులకు ఒక్కొక్క రేకు తప్పును. చౌడయ్య గీచిన గీతలలో అట్టి తప్పు దొరలినట్లు ముప్పదియేండ్లలో ఎవ్వరును ఎరుగరు.

తప్పు చేయనివాడు తప్పును క్షమింపడు. నాలుగేండ్ల క్రిందట భార్య నాగరత్తమ్మ మూడుదినముల విషజ్వరమున గతించిన పిమ్మట అతడు నవ్వుట ఎవ్వరును చూడలేదు. ఆమెను పట్నపు ఆసుపత్రికి చేర్చుటకు బండి తెచ్చెదనని పోయి తెల్లవారినపిమ్మట వచ్చిన సొంత తమ్మునితో అతడు నేటివరకు మాటలాడలేదు. తమ్ముని యిల్లు ఎదురువరుసలోనే యున్నను ఆ గడప వైపు కన్నెత్తి చూడలేదు. మరచుట అనునది చేతకానివారి లక్షణమని అతని నిశ్చయము.

నాగరత్తమ్మ మాత్రము భర్త గీచిన గడులకు ఎన్నడును లోబడి నేయలేదు. పారిజాతపు అంచు అని ఆమె పేరుపెట్టుకొన్న అంచు ఒకటి యుండెను. కాగితము లేక అట్టలు లేక వ్రేలికొనలతోనే పోగులనెత్తి ఆమె దానిని నేసెడిది. ఎట్లు నేసితివని అడిగినచో వ్రేళ్లు చూపి నవ్వెడిది. ఆ అంచుతో నేసిన చీరలన్నియు అమ్ముడుపోయి దేశములు పట్టిపోగా ఆమె తనకై నేసికొన్న వంగపండు రంగు పట్టుచీర ఒక్కటి మాత్రము చౌడయ్య పెట్టెలో మిగిలెను. అదియు మడతలయొద్ద పట్టు చిట్లి దినదినమునకు విచ్చిపోవుచుండెను. ఆ చీర నశింపకముందే అందలి అంచును పోగు పోగుగా లెక్కించి గడులలోనికి ఎత్తవలెను. అది మగ్గమెక్కినచో ఆమె వ్రేళ్ల జాడ లోకమునందు నిలుచును. ఎక్కనిచో ఆమెతోడనే కాలిపోయినట్లు. చౌడయ్యకు మిగిలిన కోరిక అది యొక్కటే.

సంఘాధ్యక్షుడు బండారు రామలింగయ్య ఇందులకు గడువొకటి విధించెను. ఆశ్వయుజ పూర్ణిమనాడు పండ్రెండు మగ్గములపై క్రొత్త పడుగులు ఎక్కవలసి యుండెను. ఆనాటికి పారిజాతపు అంచు సిద్ధమైనచో అదియే ఎక్కును. కానిచో సంఘపు కంప్యూటరు నడుపు భ్రమరాంబ గీచిన నెమలికన్నుల అంచు ఎక్కును.

ఈ భ్రమరాంబ ముప్పదియేండ్ల స్త్రీ. వరుసకు నాగరత్తమ్మ మేనకోడలు. భర్తతో పొసగక పుట్టింట చేరి పట్నమున ఆరునెలలు కంప్యూటరు నేర్చి వచ్చినది. కాగితముపై గీచుట మాని తెరపై గీయుట చౌడయ్యకు నేర్పినదియు ఆమెయే. ఆ విద్యకంతటికి మూలము అరచేతిలో ఒదుగు మౌసు అను చిన్న పరికరము. మొదట సంఘమునకు వచ్చినది కడుపులో గుండు గలది. నూలుపోచలు గాలిలో ఎగురుచుండు ఆ గదిలో ఆ గుండు దొర్లుచు దొర్లుచు పోచలనన్నింటిని కడుపులోనికి చుట్టుకొనుచుండెను. ప్రతి ఉదయము దాని మూతవిప్పి సూదితో పోచలు తీయుటయే సగము పనియయ్యెను. తరువాత వచ్చినది గుండు లేనిది. దాని అడుగున ఒక చిన్న గుంటయు ఆ గుంటలో ఎఱ్ఱగా వెలుగు కన్నును కలవు.

ఆ క్రొత్తది వచ్చిననాడు చౌడయ్య దానిని బల్లపై నుంచి కదల్చగా తెరమీది బాణము పిచ్చియెత్తినట్లు మూలలకు ఉరికెను. బల్లపై రామలింగయ్య ముచ్చటపడి వేయించిన అద్దమును దాని క్రింద దేవుళ్ల బొమ్మలును బస్సుల వేళలును ఉండెను. చౌడయ్య మౌసును అమ్మినవానిని వాని వంశమును తిట్టుచుండగా భ్రమరాంబ దానిని వెల్లకిల త్రిప్పి రెండుమూడు నిమిషములు పరికించెను.

“అద్దమ్మీద దీనికేం కనపడదు మావా. ఇది కంటితో నడుస్తుంది. కింద గరుగ్గా ఏదన్నా ఉంటే దాన్ని చూసుకుంటా పోతుంది. నున్నగా ఉంటే తానెక్కడుందో దీనికే తెలీదు.”

“నీకెవరు చెప్పినారమ్మే?”

“అదే చెప్పింది. నువ్వు తిట్టుకుంటా కూర్చున్నావు, నేను తిప్పి చూశా.”

ఆమె ఒక ముతక నూలుగుడ్డను మడిచి అద్దముపై పరచెను. మౌసు దానిపై నిలిచిన క్షణమున బాణము శాంతించి చెప్పినచోటికి పోయి చెప్పినచోట నిలిచెను. చౌడయ్య తలవంచి ఓరగా చూడగా ఆ ఎఱ్ఱని వెలుగు గుడ్డపై పడి పడుగును పేకను వేరువేరుగా చూపుచుండెను. నేతను తాకినప్పుడే దారి తెలిసికొను చేతిని అతడు ఒక్కదానినే ఎరుగును. ఆ దినమునుండి ఆ పరికరమును ఇతరులు ముట్టుట అతనికి సరిపడకపోయెను. ఉదయము భ్రమరాంబ వంతు ముగిసినంతనే దానిని తుడిచి తన గుడ్డపై తానే పెట్టుకొనెడివాడు. మనుష్యులతో పెదవి విప్పని చౌడయ్య ఆ మౌసుతో మాత్రము మెల్లగా మాటలాడుట సంఘములో పలువురు విని నవ్వుకొనిరి.

నవమినాటికి పారిజాతపు అంచునందు నాలుగువందల ఎనుబది వరుసలకు మూడువందల పది వరుసలు తెరకెక్కెను.

సాలెపాలెమున ఆయుధపూజకు ఒక ఆచారము కలదు. బొట్టు పనిముట్టుపై ఎచ్చటనో ఒకచోట పెట్టరాదు. అది పనిచేయు చోటనే పెట్టవలెను. నాడెకు మొనయందు కత్తెరకు అంచునందు సూదికి బెజ్జముచెంత పెట్టుదురు. పెట్టిన బొట్టు తనంత తాను రాలువరకు తుడువరాదు. ఆ ప్రకారమే చౌడయ్య పెన్సిలు మొనకు కొలబద్ద అంచునకు గంధము కుంకుమ పెట్టి చిట్టచివర మౌసును చేతికి తీసికొనెను. ఇది పనిచేయునది కంటితో గదా అని తలంచెను. దానిని వెల్లకిల త్రిప్పి కంటిగుంట పైయంచున తడిగంధమును దట్టముగా అద్ది దానిపై చిటికెడు కుంకుమ నుంచెను. చూపు మందగించిన కన్నులు. మొద్దుబారిన వ్రేలు.

గుమ్మములో నిలిచి చూచుచున్న ముసలి నేతగాడు ఓబుళేసు ఊరకుండలేకపోయెను.

“ఏం చౌడయ్యా, వినాయకుడి బండిక్కూడా బొట్టా! మరి ఉండ్రాళ్ళేవి?”

“నీ నోట్లోకే పోయినయ్. ఇంక మిగల్లా.”

నాలుగేండ్లలో చౌడయ్య నోట పరిహాసము వెలువడుట అదియే మొదలు. ఓబుళేసు ఆ వార్తను వీధియంతయు చాటెను. మౌసు ఆ దినమంతయు దేవి ముందు అరటియాకుపై వెల్లకిలనే యుండెను. తడిగంధము కుంకుమను కలుపుకొని మెల్లమెల్లగా పల్లమునకు జారి కంటిగుంటయందు నిండి ఎండెను. ఎవ్వరును చూడలేదు. సాయంకాలమున హారతి ముగిసినపిమ్మట భ్రమరాంబ దీపము కొండెక్కువరకు ఉండి గదికి తాళము వేసి తాళపుచెవిని కొంగున ముడివేసికొని పోయెను.

విజయదశమినాడు ఆకసము మరల మూసికొని కుండపోతగా కురిసెను. చౌడయ్య స్నానముచేసి తడిబట్టలతోడనే వచ్చి అలవాటుగా మౌసును అరచేతితో అందుకొని త్రిప్పి గుడ్డపై నుంచి మూడువందల పదునొకొండవ వరుస మొదలిడెను. బాణము కదలలేదు. మరల నెట్టగా ఒక్కసారిగా ఉరికి పైవరుసలో పడెను. అతడు ఒక గడిని నొక్కిన అది వేరొకగడిని నింపెను. ఆపబోయిన కొలది అడ్డదిడ్డముగా చుక్కలు పడి నిన్నటివరకు చక్కగా విరిసియున్న పారిజాతములు కండ్లయెదుట చెడిపోజొచ్చెను. ఇంతలో భ్రమరాంబ గొడుగు ముడుచుకొనుచు లోనికి వచ్చి తెరను చూచి నిర్ఘాంతపడెను.

“అయ్యో! మావా, కదిలించబాక. ఒక్కసారి ఇట్టియ్యి, తిప్పి చూస్తా.”

“పూజ చేసిన వస్తువు. చెయ్యి పడనియ్యను.”

“చెయ్యి కడుక్కొనే వచ్చా.”

“చేతి సంగతి కాదు నేననేది. రాత్రి తాళమేసింది నువ్వు. చెవి నీ కొంగున ఉంది.”

ఆమె చాపిన చేయి గాలిలోనే ఆగెను. “అంటే ఏంది మావా?”

“అంటే ఏందో నీకు తెలుసు. నెమలికన్నులు ఎక్కాలంటే పారిజాతాలు రాలాల.”

ఆమె మరి మాటలాడక గోడకు ఆనుకొని నిలిచెను. ఆ మౌనమును చౌడయ్య నేరాంగీకారముగా గ్రహించెను. త్రిప్పి చూచుటకు ఒక్క నిమిషము చాలియుండెను. ఆ నిమిషమును అతడు కోపమునకు ఇచ్చెను.

మరునాడు ఏకాదశి. చౌడయ్య పట్టుబట్టగా సంఘభవనపు చావడియందు సభ కూడెను. వేరొక మౌసును తెప్పింతమని రామలింగయ్య అనెను గాని నదిపై చప్టా మునిగి బస్సులు నిలిచిపోయెను. నాలుగుదినములవరకు దారి లేదని కబురు వచ్చెను. పూర్ణిమకు నాలుగే దినములు. చౌడయ్య లేచి తాను చూచినదానిని చూడనిదానిని ఒక్కటిగా కలిపి చెప్పెను. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో చెప్పెను. ఎవరి అంచు ఎక్కవలసియున్నదో చెప్పెను. సభ గుసగుసలాడెను. రామలింగయ్య నొసలు రుద్దుకొనుచు అడిగెను.

“ఊరికే అనబాక చౌడయ్యా. ఆ పిల్ల అట్టాంటిది కాదు. నువ్వు కళ్ళారా చూశావా?”

చౌడయ్యయొద్ద సాక్ష్యము లేదు. సాక్ష్యము లేనివాడు చేతికందిన రాయి విసరును.

“చూసేదేంది? మొగుడింట నిలవలేని మనిషి ఇంకొకరి ఇల్లాలి పేరు నిలవనిస్తదా?”

వానచినుకులు పెంకులపై పడుచుండెను. ఓబుళేసు తలవంచుకొనెను. భ్రమరాంబ ముఖమున రక్తపుచుక్క లేకపోయెను. ఆమె ఏడ్వలేదు. నెమ్మదిగా నడచిపోయి దేవిపటము ముందున్న నాడెను రెండుచేతులతో ఎత్తి పట్టుకొనెను. నాడె పట్టి అబద్ధమాడినవారి మగ్గమున బ్రతికినన్నాళ్లు పోగు నిలువదని ఆ గ్రామమున నమ్మకము. ప్రాణముపై ప్రమాణము చేయువారు కలరు గాని నాడెపై వృథాగా చేయువారు లేరు.

“ఈ నాడె సాక్షి. దాన్ని నేను ముట్టలా. రత్తమ్మత్త అంచు చెడాలని కలలో గూడా కోరలా.” ఆమె నాడెను దించి కొంగుముడి విప్పి తాళపుచెవిని రామలింగయ్య ముందుంచెను. “ఇంక ఈ గదిలోకి రాను పెదనాయనా. నా నెమలికన్నులు గూడా ఎక్కించబాకండి.”

“అట్టా అంటే ఎట్టమ్మా? పున్నమికి ఏదెక్కించేది?”

“పాత గళ్ళంచు అట్టలున్నాయి గదా. అవి కట్టుకోండి.”

ఆమె వానలోనే గొడుగు మరచి వెడలిపోయెను. సభలో ఎవ్వరును చౌడయ్య ముఖము చూడలేదు. అతడు తాను గెలిచితినని తలపోసెను గాని గెలిచినవానికి ఇంటికి పోవు దారి అంత పొడవుగా తోచుట ఎన్నడును లేదు.

ద్వాదశినాడు వాన వెలిసి వెలవెలబోయిన ఎండ కిటికీలోనుండి బల్లపై పడుచుండెను. తాళపుచెవి ఇపుడు చౌడయ్యయొద్దనే యుండెను. అతడు గదిలో ఒంటరిగా కూర్చుండి మౌసును ఎన్నివిధముల పరీక్షింపవలెనో అన్నివిధముల పరీక్షించెను. ముతకగుడ్డను దులిపి పరచెను. దానిని తీసి తుండుగుడ్డ పరచెను. గడుల కాగితముపై పెట్టెను. తన తొడపై పెట్టెను. బాణము చచ్చినట్లు పడియుండి అపుడపుడు ఉలికిపడి ఉరుకుచుండెను. తుదకు ఏమి తోచినదో సంచిలోనుండి నాగరత్తమ్మ చీరను తీసి మడతలు విప్పి పారిజాతపు అంచు పైకి వచ్చునట్లు బల్లపై పరచి దానిపై మౌసు నుంచెను.

“దీన్నన్నా గుర్తుపట్టవా?” అని నెమ్మదిగా అడిగెను.

అది గుర్తుపట్టలేదు. చౌడయ్య దానిని మెల్లగా జరిపి చూచెను. దాని అంచు చిట్లిన పట్టుపోగునకు తగిలి చిక్కుకొనెను. బలముగా లాగినచో పోగు తెగును. పోగును విడిపించుటకై అతడు తలవంచి తప్పనిసరియై మౌసును వెల్లకిల త్రిప్పెను.

కన్ను కనబడలేదు. కన్నుండవలసిన గుంటయందు ఎండిన గంధము పొలుసుకట్టి దానిపై కుంకుమ గడ్డగట్టి యుండెను. ఎండినచోట ఏర్పడిన వెండ్రుకవాటి బీటలోనుండి ఎఱ్ఱని వెలుగు సన్నగా కొట్టుమిట్టాడుచుండెను. గుంట పైయంచున జారక మిగిలిన గంధముపై వ్రేలిముద్ర స్పష్టముగా నిలిచి యుండెను. ఆ ముద్రకు నడుమ అడ్డముగా ఒక గంటు కలదు. పదియేండ్ల క్రిందట జకార్డు సూది దిగి మానిన గాయపు మచ్చ అది. చౌడయ్య తన కుడిచేతి ఉంగరపు వ్రేలిని ఎత్తి చూచుకొనలేదు. చూడ నవసరము లేకపోయెను.

ఆ వ్రేలు అట్లు చేయుట అది మొదలు కాదు. నాలుగేండ్ల క్రిందట ముత్తైదువగా పోయిన నాగరత్తమ్మకు పసుపుపూసి పూలుపెట్టి కట్టుకొన్నవాడు కడపటి బొట్టు పెట్టవలెనని పెద్దలు చెప్పగా చౌడయ్య ఈ వ్రేలితోడనే కుంకుమ తీసికొనెను. కుంకుమ నుదుట నిలువక జారి మూసియున్న ఆమె కనురెప్పపై పడెను. ఆమె మరణించినదని తెలిసియు కంట మంట పుట్టునేమోయని అతడు పంచెకొంగుతో ఆ రెప్పను తుడిచి తుడిచి అప్పుడు ఏడ్చెను. ఆ సంగతి ఎవ్వరికిని చెప్పలేదు. ఆనాడు తుడిచిన చేయి మొన్న ఎందులకు తుడువలేదో అతనికి బోధపడలేదు.

ఆ గదిలో వేరెవ్వరును లేరు. గుడ్డకొనను తడిపి రెండుమారులు రుద్దినచో కన్ను తెరచుకొనును. మూడుదినములలో అంచు ముగియును. పూర్ణిమనాటికి పారిజాతములు మగ్గమెక్కును. మౌసు తనంత తాను కుదుటపడినదని చెప్పినచో ఊరు నమ్మును. నాడె పట్టినది నిజమే చెప్పినదనియు చౌడయ్య ఏదో తొందరపడెననియు అనుకొని నాలుగుదినములలో అందరును మరచిపోవుదురు. అతడు గుడ్డకొనను నీటిలో ముంచెను. నీరు బొట్టుబొట్టుగా చీరపై పడుచుండగా చాలసేపు అట్లే కూర్చుండెను. మరచిపోవువారిని జీవితమంతయు నిందించినవాడు ఇపుడు వారి మరపును నమ్ముకొని కూర్చుండుట అతనికే అసహ్యమయ్యెను. పిమ్మట గుడ్డను పిండి ఆరవేసి మౌసు తీగెను కంప్యూటరునుండి ఊడదీసి దానిని వెల్లకిలగానే అరచేతిలో నుంచుకొని లేచెను.

మిట్టమధ్యాహ్నము. వీధిలో మగ్గముల చప్పుడు మరల మొదలై యుండెను. అరచేతిలో కుంకుమ పట్టిన మౌసుతో దాని తీగె బురదలో ఈడ్చుకొనిపోవుచుండగా నడచుచున్న చౌడయ్యను చూచి ఒక్కొక్క యింటిలో పలక ఆగెను. తమ్ముని గడప ముందు అతని అడుగు ఒక్కక్షణము మందగించెను. ఆగలేదు.

భ్రమరాంబ తన తల్లి మగ్గము ప్రక్కన నేలపై కూర్చుండి రాట్నముపై కండెలు చుట్టుచుండెను. తెరపై హంసలను నడిపిన చేయి మరల బాలికలు చేయు పనికి దిగెను. గుమ్మములో నీడ పడగా తలయెత్తి చూచి మరల దించుకొనెను. వెనుక ఓబుళేసుతోపాటు పదిమంది చేరిరి. చౌడయ్య లోనికి పోక గడప వెలుపలనే నిలిచి అరచేయి చాపెను.

“కన్ను మూసింది నేను. ఈ వేలు. గంధం మీద ముద్రుంది చూసుకోండి.”

అతడు భ్రమరాంబ తల్లి మగ్గముపైనున్న నాడెను అడిగి తీసికొని ఎడమచేతితో పట్టుకొనెను.

“ఈ పిల్ల మీద నేనన్నది అబద్ధం. సభలో అన్న ఇంకో మాట గూడా. ఆ మాట అబద్ధమొక్కటే కాదు, పాపం.”

ఓబుళేసు గొంతు సవరించుకొని మెల్లగా అనెను. “తుడిచేసి గమ్మునుంటే ఎవడికి తెలిసేది చౌడయ్యా?”

“నాకు.”

భ్రమరాంబ రాట్నము నాపి లేచి వచ్చెను. అతని అరచేతినుండి మౌసును తీసికొని వెలుగునకు పట్టి చూచెను. మొన్న చూడవలసినది అదియే. దూదిని తడిపి సూదికొనకు చుట్టి గడపపై కూర్చుండి ఎండిన గంధమును కొంచెము కొంచెముగా లేవదీయుచు తుడిచెను. తుడిచినంతసేపు చౌడయ్య ఎండలో నిలిచియే యుండెను. కుంకుమ దూదికి పట్టి ఆమె వ్రేళ్లు ఎఱ్ఱబడెను. చివరకు తలయెత్తకయే ఆమె చెప్పెను.

“దీని కంట్లోది తుడిచా మావా. నువ్వన్న మాట మాత్రం తుడవను.”

“తుడవబాక.”

“అత్త అంచు కోసం వస్తా. నీ కోసం గాదు.”

“చాలు తల్లీ.”

తరువాతి రెండుదినములును వారిరువురు ఆ గదిలో ఒకే బల్లయొద్ద కూర్చుండి మొదట చెడిన గడులను సరిదిద్దిరి. చౌడయ్య భూతద్దమును చీరపై నుంచి పోగులు లెక్కించుచు పైకి చదువుచుండెను. భ్రమరాంబ ముతకగుడ్డపై మౌసును కదల్చుచు చెప్పిన గడిని నింపుచుండెను. మూడు ఎత్తు. ఒకటి దించు. రెండు ఎత్తు. నాలుగు దించు. ఆ రెండుదినములలో వారినడుమ సాగిన సంభాషణము ఇంతియే. ఒక్కమారు లెక్క తడబడినప్పుడు చౌడయ్య ఆగి కన్నులు తుడుచుకొనెను. ఆమె చూచియు చూడనట్లు ఎదురుచూచి అతడు మరల చదివినపుడు గడి నింపెను. చతుర్దశి సాయంకాలమున నాలుగువందల ఎనుబదవ వరుస ముగిసెను. చీరను మరల మడుచుచుండగా నడిమి మడత సన్నని చప్పుడుతో పొడవునా విచ్చిపోయెను. చౌడయ్య దానిని అట్లే మడిచి సంచిలో పెట్టెను. అందుండి తీసికొనవలసినదంతయు అప్పటికే తీసికొనబడెను.

పూర్ణిమనాడు మొదటి మగ్గమున జకార్డు పెట్టెకు రాత్రికి రాత్రి పొడిచిన అట్టలు కట్టి పలక లాగగా వంగపండు రంగు పడుగుపై జరీతో మొదటి పారిజాతము ఆరు రేకులతో విరిసెను. జనమంతయు మగ్గముచుట్టు మూగి నాగరత్తమ్మ పేరు తలంచిరి. చౌడయ్య వ్రేలితో ఆ పువ్వును తాకబోయి ఆగి చేయి వెనుకకు తీసికొనెను. భ్రమరాంబ అప్పటికే అచ్చటనుండి వెడలిపోయి యుండెను.

ఆమె సంఘపు గదికి వచ్చుట మానలేదు. రామలింగయ్య బతిమాలగా తాళపుచెవిని మరల కొంగున ముడివేసికొనెను. ఆమె నెమలికన్నులు కార్తీకమున మగ్గమెక్కెను. చౌడయ్యతో పనిమాట తప్ప వేరొకమాట మాటలాడలేదు. అతడును మాటలాడించుటకు ప్రయత్నింపలేదు. తాను ఇతరులకు నాలుగేండ్లుగా వడ్డించినది తన విస్తరిలో పడినపుడు అతడు మారు పలుకక తినెను.

మరుసటి ఆశ్వయుజ నవమి వచ్చెను. మగ్గములు మరల మౌనము వహించెను. చౌడయ్య తన పనిముట్లకన్నింటికి ఆచారము ప్రకారము బొట్లుపెట్టి మౌసుయొద్దకు రాగానే ఆగి కుంకుమ పళ్లెరమును బల్లపై ఆమెవైపునకు జరిపి చేతులు వెనుకకు కట్టుకొని నిలిచెను. భ్రమరాంబ పళ్లెరమును చూచెను. అతనిని చూడలేదు. మౌసును చేతిలోనికి తీసికొని వెల్లకిల త్రిప్పి కన్ను నిర్మలముగా నున్నదని తెలిసికొని దానికి బొట్టు పెట్టకయే ముతకగుడ్డపై మరల బోరగిల పెట్టెను. ఆమె అరచేతి అంచు క్రిందినుండి వెలువడిన ఎఱ్ఱని వెలుగు గుడ్డపై నాలుగు పోగులను మాత్రము చూపుచు నిలిచెను. చౌడయ్య ఆ నాలుగు పోగులను చాలసేపు చూచి వ్రేలు కడుగుకొనుటకు వెలుపలికి వెడలెను.